తపాలా శాఖ నేర్పిన కసరత్తు: జపాన్ రేడియో తాయిసో చరిత్ర

ప్రజల చేత దేహశ్రమ చేయించడం ప్రజారోగ్య విధానంలో ఒక భాగమన్న భావన ఇటీవలిదని సాధారణంగా అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రకటించి, ఒళ్ళు కదలకపోవడమనే సమస్యను 2030 నాటికి 15 శాతం తగ్గించాలని సభ్యదేశాలను కోరడం, ఆ తరవాత దేశదేశాల్లో నడక ఉద్యమాలూ సైకిల్ దారులూ చర్చకు రావడం ఆ అభిప్రాయాన్ని బలపరిచాయి. అయితే అంతకు తొంభై ఏళ్ళ ముందే ఒక ప్రభుత్వ శాఖ, అదీ వైద్య శాఖో విద్యా శాఖో కాక తపాలా వ్యవహారాలు చూసే శాఖ, ఒక దేశంలోని పసివాళ్ళనూ ముసలివాళ్ళనూ ఒకే గడియకు లేపి, ఒకే పాటకు చేతులు కదిలించేటట్టు చేసింది. ఆ దేశం జపాన్. ఆ అలవాటు పేరు రేడియో తాయిసో. జపాన్ భాషలో ‘తాయి’ అంటే దేహం, ‘సో’ అంటే నడిపించడం. రెండూ కలిసిన మాటకు దేహచాలనమని అర్థం చెప్పుకోవచ్చు. 1928లో మొదలై, యుద్ధానికి సేవ చేసి, యుద్ధం తరవాత ఆగిపోయి, మళ్ళీ లేచి నేటిదాకా బతికి ఉన్న ఈ ఆచారం చరిత్రలో, ప్రభుత్వం పౌరుడి ఒంటి మీద ఎందుకు శ్రద్ధ పెడుతుంది, ఆ శ్రద్ధ ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడుగా మారుతుంది అన్న ప్రశ్నలన్నీ ఇమిడి ఉన్నాయి.

తాయిసో అన్న మాట వెనక ఉన్న వ్యాయామ పద్ధతి జపాన్‌లో పుట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో యూరప్‌లో రెండు వ్యాయామ సంప్రదాయాలు రూపుదిద్దుకున్నాయి. 1811లో బెర్లిన్ శివారులో యాన్ అనే ఉపాధ్యాయుడు బహిరంగ వ్యాయామ క్షేత్రాన్ని తెరిచి, కడ్డీల మీదా గుర్రపు దిమ్మల మీదా చేసే కసరత్తుకు దేశభక్తిని జోడించాడు. 1813లో స్టాక్‌హోంలో లింగ్ అనే పండితుడు నెలకొల్పిన కేంద్ర సంస్థ, శరీర నిర్మాణ శాస్త్రాన్ని ఆధారం చేసుకుని, ఏ పనిముట్టూ లేకుండా వరుసలో నిలబడి లెక్క ప్రకారం చేసే కదలికలను రూపొందించింది. తెలుగు ప్రాంతపు తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసే మల్లుడి కసరత్తుకూ దీనికీ ఉన్న తేడా గమనించదగినది. మల్లుడి సాధన ఒక గురువు కింద ఒక మనిషి బలాన్ని పెంచడానికి ఉద్దేశించింది. లింగ్ పద్ధతి వందమందిని ఒకేసారి, ఒకే మోతాదులో కదిలించడానికి పనికివచ్చేది. పాఠశాలలూ సైన్యాలూ రెండో దానినే కోరుకోవడం సహజం. తెలుగు బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి ‘డ్రిల్లు మాస్టారు’ అని పిలవడంలో ఉన్న డ్రిల్లు కూడా ఆ బడి-సైన్యం పొత్తును గుర్తుచేసే మాటే.

జపాన్ ఈ విద్యను 1878లో తెచ్చుకుంది. ఆ ఏడాది విద్యాశాఖ పిలుపు మీద వచ్చిన అమెరికన్ వైద్యుడు లీలండ్, టోక్యోలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ సంస్థలో తేలికపాటి కసరత్తు నేర్పాడు. ఆరోగ్యం కోసమని వచ్చిన ఆ విద్యకు 1886లో విద్యామంత్రి మోరి అరినోరి సైనిక కవాతును జత చేశాడు. అంటే రేడియో పుట్టకముందే జపాన్ బడిపిల్లల ఒంటి మీద వైద్యుడి కన్నూ సైన్యాధికారి కన్నూ కలిసి పడ్డాయి. తరవాతి కథంతా ఈ రెండు చూపుల మధ్యనే నడిచింది.

మూడో చూపు ఒకటి 1916లో వచ్చి చేరింది. అది బీమా వ్యాపారిది, ఆ వ్యాపారి ప్రభుత్వమే. ఆ ఏడాది అక్టోబరు 1న జపాన్ సమాచార రవాణా మంత్రిత్వ శాఖ తపాలా కార్యాలయాల ద్వారా ‘కాన్యి హోకెన్’, అంటే సులభ బీమా, అనే చిన్న మొత్తాల జీవిత బీమాను అమ్మడం మొదలుపెట్టింది. వైద్య పరీక్ష లేకుండా, నెలనెలా కొద్దిపాటి ప్రీమియం కట్టించుకుంటూ, ప్రైవేటు కంపెనీల గడప తొక్కలేని కూలీలకూ చిన్న వర్తకులకూ రైతులకూ ఇచ్చిన ఆ పాలసీలో ఒక చిక్కు ఉంది. వైద్య పరీక్ష లేని చోట రోగిష్టి మనిషిని ముందుగా వేరు చేయడం సాధ్యం కాదు. పాలసీదారు త్వరగా చనిపోతే ఆ నష్టం నేరుగా ఖజానా మీద పడుతుంది. క్షయ విజృంభించి ఉన్న ఆ రోజుల్లో ఇది చిన్న ముప్పు కాదు. అందుకే తపాలా బీమా విభాగం 1922లో టోక్యో, ఒసాకా నగరాల్లో పాలసీదారుల కోసం ఆరోగ్య సలహా కేంద్రాలను తెరిచింది. జనం ఎక్కువకాలం బతకడం బీమా నిధికి లాభం. బీమా నిధికి లాభమైనది జనానికీ మేలే. ప్రజారోగ్య చరిత్రలో ప్రజల ప్రయోజనమూ పాలకుల ప్రయోజనమూ ఇంత సూటిగా ఒకే దారిన నడిచిన సందర్భాలు అరుదు గనక ఈ ఘట్టం దగ్గర కాస్త నిలవడం అవసరం.

ఈ లెక్కను జపాన్ అధికారులు అమెరికాలో చూసి మరింత పదును పెట్టుకున్నారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ 1909 నుంచి తన పాలసీదారుల ఇళ్ళకు నర్సులను పంపి, బాలింతలకూ రోగులకూ సేవ చేయిస్తుండేది. 1925 వసంతంలో ఆ సంస్థ తన గోపుర భవనం నుంచి ప్రతి ఉదయం రేడియోలో వ్యాయామ పాఠాలు ప్రసారం చేయడం ఆరంభించింది. బీమా వ్యవహారాల అధ్యయనానికి వెళ్ళిన జపాన్ అధికారుల నివేదికల్లో ఈ సంగతి చోటు చేసుకుంది. సరిగ్గా ఆ 1925 మార్చిలోనే టోక్యోలో రేడియో ప్రసారాలు మొదలై ఉండటం కలిసివచ్చింది. కావలసిన ముడిసరుకంతా మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉంది: బీమా దానిదే, తపాలా దానిదే, రేడియో మీద అజమాయిషీ కూడా దానిదే.

హిరోహితో చక్రవర్తి పట్టాభిషేకం 1928 నవంబరులో జరగవలసి ఉండగా, దానికి గుర్తుగా ఏదైనా జాతీయ కార్యక్రమం చేపట్టాలన్న ఆలోచన ఈ పథకానికి ముహూర్తం కుదిర్చింది. తపాలా బీమా విభాగం, ప్రైవేటు బీమా కంపెనీల సంఘం, జపాన్ ప్రసార సంస్థ కలిసి, విద్యాశాఖ నిపుణుల సాయంతో కదలికలను తయారుచేయించి, ‘జాతీయ ఆరోగ్య వ్యాయామం’ అని పేరు పెట్టాయి. 1928 నవంబరు 1 ఉదయం 7 గంటలకు టోక్యో కేంద్రం నుంచి తొలి ప్రసారం వెలువడింది; మరుసటి ఏడాది అది దేశమంతటికీ అందింది. ఆ గొంతు ఎగీ రీయిచీ అనే మాజీ సైనిక వాద్యకారుడిది. పదేళ్ళకు పైగా ఆయన గొంతే జపాన్ ఉదయాలను నడిపింది. మొదట్లో ఉక్కపోసే స్టూడియోలో పలుచని బట్టలతో కసరత్తు చేయించిన ఎగీ, చక్రవర్తి కూడా ఆ ప్రసారం వింటూ వ్యాయామం చేస్తున్నాడని తెలిశాక, ఎవరూ చూడని ఆ గదిలో లాంఛనప్రాయమైన కోటు తొడుక్కుని చేయించడం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. రేడియో కంటికి కనబడని మాధ్యమం. అయినా అవతలి మనిషి తనను చూస్తున్నట్టే భావించి నడుచుకోవడం ఈ ఆచారపు మనోధర్మంలో మొదటి నుంచీ ఉంది.

ప్రసారం ఉంటే సరిపోదు. రేడియో పెట్టె ఉన్న ఇళ్ళు చాలా తక్కువ. జపాన్‌లో రేడియో లైసెన్సుల సంఖ్య పది లక్షలకు చేరడానికి 1932 దాకా పట్టింది. పైగా కంటితో చూడని కదలికను చెవితో విని నేర్చుకోవడం తేలిక కాదు. ఈ రెండు కొరతలనూ తీర్చినవాడు పోస్టుమ్యాన్. బొమ్మలతో అచ్చువేసిన కరపత్రాలు తపాలా కార్యాలయాల నుంచి ఊరూరికీ వెళ్ళాయి. తపాలా ఉద్యోగులు ముందుగా తాము నేర్చుకుని, ఉత్తరాలు పంచే దారిలోనూ బీమా సొమ్ము వసూలు చేసే గడపల్లోనూ ఆ కదలికలను జనానికి చేసి చూపించారు. ఒక ప్రజారోగ్య విధానం ప్రతి గడపకూ వెళ్ళాలంటే కొత్త సిబ్బందిని నియమించనక్కరలేదని, అప్పటికే ప్రతి గడపకూ వెళ్తున్న మనిషికి ఆ పని అప్పగిస్తే చాలునని ఆ శాఖ గ్రహించడం మెచ్చుకోదగిన తెలివి. ఆ మనిషిని జనం నమ్మేవారు. అతడు జబ్బు గురించి భయపెట్టడానికి రాలేదు, ఉపన్యాసం ఇవ్వడానికీ రాలేదు, చేతులు ఎలా చాపాలో చూపించి తన దారిన తాను వెళ్ళిపోయాడు.

రెండో మలుపు పోస్టుమ్యాన్ కంటే సామాన్యమైన చోట, టోక్యో కాందా ప్రాంతంలోని సకుమాచో అనే పేటలో వచ్చింది. 1923 నాటి మహా భూకంపం తరవాత నగరమంతా తగలబడుతుంటే, పేటవాసులు నిలబడి బకెట్లతో నీళ్ళు అందించుకుంటూ మంటలను ఆపిన పేటల్లో అది ఒకటి. 1930 వేసవి సెలవుల్లో అక్కడి పోలీసు ఒకరు పిల్లలను పొద్దున్నే ఆరుబయట ఒకచోటికి పిలిచి, రేడియో పెట్టి వ్యాయామం చేయించాడు. ఆ ఏర్పాటు ఇతర పేటలకూ, తరవాత ఇతర నగరాలకూ పాకింది. ఒక ఇంట్లో ఒక మనిషి రేడియో ముందు నిలబడి చేసే కసరత్తుగా రూపొందినది, పేటకంతా ఒక్క రేడియో, దాని ముందు పిల్లలూ పెద్దలూ అన్నట్టుగా మారింది. పిల్లల హాజరుకు అట్టముక్క మీద రోజూ ముద్ర వేసే పద్ధతి కూడా ఆ దశాబ్దంలోనే స్థిరపడింది. సకుమా ఉద్యానంలో ఈ సామూహిక వ్యాయామం పుట్టిన చోటని తెలిపే శిలాఫలకం ఉంది. మంత్రిత్వ శాఖ ఈ ఏర్పాటును ముందుగా ఊహించలేదు. రేడియో తాయిసో నిలిచి ఉండటానికి అసలు కారణం ఈ పేట సమావేశమే అనడం సబబు; ఒంటరిగా చేసే వ్యాయామాన్ని మానేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, పక్కింటివాళ్ళు ఎదురుచూసే చోటికి వెళ్ళకపోవడం మాత్రం కష్టం.

పేటలో పుట్టిన ఈ పట్టును రాజ్యం గుర్తించకపోలేదు. 1937లో చైనాతో యుద్ధం మొదలయ్యాక ‘జాతీయ మానసిక సమీకరణ’ పేరుతో నడిచిన ప్రచారంలో సామూహిక వ్యాయామం ఒక భాగమైంది. కసరత్తుకు ముందు రాజప్రాసాదం ఉన్న దిక్కుకు తిరిగి వంగి నమస్కరించడం, జెండా ఎగరవేయడం జతపడ్డాయి. సైనిక నియామక పరీక్షల్లో యువకుల దేహదారుఢ్యం తగ్గుతోందని సైన్యం చేసిన ఒత్తిడి కూడా తోడై 1938 జనవరిలో ఆరోగ్య సంక్షేమ మంత్రిత్వ శాఖ ఏర్పడింది. 1940లో వచ్చిన జాతీయ దేహబల చట్టం యువకుల శరీరాన్ని కొలిచి నమోదు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. క్షయను అరికట్టడమూ ఆ చట్టపు లక్ష్యాల్లో ఉందన్నది నిజమే. అయితే బలమైన దేహం ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు మారిపోయింది. బీమా విభాగం మనిషి దీర్ఘకాలం బతకాలని కోరుకుంది. యుద్ధరాజ్యం అతడు చావడానికి తగినంత బలంగా ఉండాలని కోరుకుంది. కదలికలు దాదాపు అవే, గంట అదే, గుంపు అదే. ఒక ప్రజారోగ్య సాధనం ఎంత సమర్థంగా ఉంటే అది అంత తేలికగా మరొకరి చేతిలో ఆయుధం కాగలదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

జపాన్ సైన్యం వెళ్ళిన చోటికల్లా తాయిసో కూడా వెళ్ళింది. తైవాన్, కొరియా వలస రాజ్యాల తరవాత 1942లో మలయా, సింగపూర్, జావా ఆ పాలనలోకి వచ్చినప్పుడు అక్కడి బడుల్లోనూ కార్యాలయాల్లోనూ ఉదయం తాయిసో తప్పనిసరి అయింది. గడియారాలను కూడా టోక్యో కాలానికి మార్చారు గనక, భూమధ్యరేఖ దగ్గర ఇంకా తెల్లవారని వేళకే కార్యాలయపు ఉదయం మొదలయ్యేది. పేరక్ రాష్ట్రపు కొబ్బరి తోటల్లోనూ ఇతర ప్రాంతాల రబ్బరు తోటల్లోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ పాలనను అనుభవించాయి. ఆ తోటల నుంచి తమిళ కూలీలతోపాటు తెలుగు కూలీలను కూడా జపాన్ సైన్యం వేయిస్తున్న సయాం-బర్మా రైలుమార్గం పనికి తరలించగా, వారిలో ఎందరో తిండి లేక, కలరాతో, మలేరియాతో ఆ అడవుల్లోనే చనిపోయారు. బడిపిల్లవాడి దేహానికి పొద్దున కసరత్తు నేర్పిన రాజ్యమే అతడి తండ్రి దేహాన్ని పట్టాల కింద అరగదీసిందని గుర్తుంచుకోకుండా రేడియో తాయిసో చరిత్ర రాయడం న్యాయం కాదు.

1945 ఆగస్టు 15 ఉదయం ఆ వ్యాయామం ప్రసారం కాలేదు. ఆ మధ్యాహ్నం చక్రవర్తి గొంతు రేడియోలో లొంగుబాటు వార్త వినిపించింది. వారం తిరగగానే, ఆగస్టు 23న, వ్యాయామ ప్రసారం మళ్ళీ మొదలైంది. అయితే జపాన్‌ను ఆక్రమించిన అమెరికన్ అధికారులకు ఒక్క ఆజ్ఞకు లక్షలమంది ఒకేసారి కదలడం నచ్చలేదు. అందులో వారికి సైనికత్వపు ఛాయ కనిపించింది, ఆ అనుమానం నిరాధారమూ కాదు. ఆజ్ఞాపూర్వకమైన లయను వదిలించుకోవాలని 1946లో కొత్త కదలికలు తయారుచేశారు గాని, మృదువుగా, స్వేచ్ఛగా సాగే ఆ కదలికలు చెవితో విని చేయడానికి కష్టంగా ఉండటంతో జనానికి పట్టుబడలేదు. 1947లో ప్రసారమే ఆగిపోయింది.

అక్కడితో ముగిసిపోవలసిన ఆచారం ముగియకపోవడమే ఇందులో విశేషం. నిలిపివేసిన తరవాత దాన్ని మళ్ళీ కావాలని కోరినవారు ఉన్నారు. బీమా విభాగాన్ని వారసత్వంగా పొందిన కొత్త తపాలా మంత్రిత్వ శాఖ, విద్యాశాఖ, ఆరోగ్యశాఖ, ప్రసార సంస్థ, వ్యాయామ సంఘం ప్రతినిధులు కలిసి మరో కూర్పు సిద్ధం చేయగా, 1951 మే 6న అది ప్రసారమైంది. ఈనాడు జపాన్‌లో ‘మొదటి వ్యాయామం’ అంటున్నది దీన్నే. హత్తోరీ తదాషీ పియానో కోసం కూర్చిన బాణీకి మూడు నిమిషాలకు కాస్త పైబడి 13 కదలికలు ఉంటాయి. చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకోవడంతో మొదలై, చేతులు ఊపుతూ మోకాళ్ళు వంచడం, ఛాతీ విప్పడం, పక్కకూ ముందుకూ వెనక్కూ వంగడం, నడుము తిప్పడం మీదుగా రెండు కాళ్ళతో గెంతే దాకా శ్రమ క్రమంగా పెరిగి, మళ్ళీ తగ్గి, లోతైన శ్వాసతో ముగుస్తుంది. ఇందులో ఏ పనిముట్టూ అక్కరలేదు. ప్రత్యేకమైన దుస్తులూ అక్కరలేదు. నేల మీద పడుకోవలసిన కదలిక ఒక్కటీ లేదు గనక మట్టి వీధిలోనైనా కార్యాలయ వసారాలోనైనా చేయవచ్చు. 1952లో పనిచేసే వయసువారి కోసం మరింత చురుకైన ‘రెండో వ్యాయామం’ వచ్చింది. దానికి దన్ ఇకుమా సంగీతం సమకూర్చాడు. పియానో స్వరం లేచినప్పుడు చేయి లేవడం, స్వరం దిగినప్పుడు నడుము వంగడం ఎంతగా అలవాటైందంటే, ఆజ్ఞ ఇచ్చే పని చాలావరకు గొంతు నుంచి బాణీకి బదిలీ అయింది. యుద్ధకాలపు వాసన వదలడానికి ఈ ఒక్క మార్పూ ఎంతో తోడ్పడింది.

ఆ తరవాతి దశాబ్దాల కథ వేగంగా చెప్పుకోవచ్చు. కర్మాగారాల్లో, భవన నిర్మాణ స్థలాల్లో పని మొదలయ్యే ముందు జరిగే ఉదయపు సమావేశంలో తాయిసో భాగమైంది; ఒళ్ళు బిగుసుకున్న కూలీ పరంజా ఎక్కితే ప్రమాదమన్న ఆచరణాత్మకమైన ఆలోచన దాని వెనక ఉంది. 1957లో టెలివిజన్ వ్యాయామం వచ్చింది. 1962 నుంచి ఏటా వేసవిలో కోటిమంది వ్యాయామోత్సవం పేరుతో పెద్ద సభ జరపడం ఆనవాయితీ అయింది. సెలవుల్లో పిల్లలు మెడలో తాడుకు అట్ట వేలాడదీసుకుని ఉద్యానానికి వెళ్ళడం, కసరత్తు అయ్యాక ముద్ర వేయించుకోవడం జపాన్ బాల్యానికి గుర్తుగా మారింది. చైనా కూడా 1951 నవంబరులో తన రేడియో వ్యాయామాన్ని ప్రవేశపెట్టింది. ఆక్రమించిన దేశపు అలవాటును, విప్లవం తరవాత రెండేళ్ళకే, తన ప్రజల ఆరోగ్యం కోసం ఆ దేశం మలుచుకోవడం చరిత్రలోని వింత దారుల్లో ఒకటి.

మూడు నిమిషాల కసరత్తు ఆరోగ్యానికి ఎంత మేలు చేస్తుందన్న సందేహం న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. రెండు వ్యాయామాలూ కలిపి రోజూ పది నిమిషాల ప్రసారం విని చేసినా అది వారానికి 70 నిమిషాలే అవుతుంది. తెలుగువారి ఫోన్లలో కూడా రోజూ కనిపించే ‘పదివేల అడుగులు’ అన్న లెక్క సైతం జపాన్ నుంచే వచ్చింది. 1965లో అక్కడ అమ్మకానికి వచ్చిన ‘మాన్పోకెయ్’, అంటే పదివేల అడుగుల కొలమానం, అనే చిన్న పరికరం పేరే ఆ అంకెకు మూలం. అడుగుల లెక్క ఒక మనిషికీ అతడి పరికరానికీ మధ్య ఉండే వ్యవహారం; అది పెంచే శ్రమ ఎక్కువే కావచ్చు గాని, దాన్ని మానేసిన మనిషి గురించి ఎవరూ వాకబు చేయరు. ఉదయపు గుంపులో రెండు రోజులు కనిపించని వృద్ధురాలి తలుపు మూడో రోజు ఎవరో ఒకరు తడతారు. ఈ ప్రయోజనం నిమిషాల లెక్కకు అందేది కాదు. ఒంటరిగా బతికే ముసలివారు పెరుగుతున్న సమాజంలో దీని విలువ వ్యాయామపు విలువ కంటే తక్కువని చెప్పడం కష్టం.

2007లో తపాలా సేవలు కంపెనీలుగా మారినప్పుడు బీమా విభాగమూ వేరే సంస్థ అయింది, కాని తాయిసోను ప్రోత్సహించే బాధ్యతను వదులుకోలేదు. ప్రసారం ఇప్పుడు ఉదయం 6:30కు వస్తుంది. వేసవిలో ప్రసార బృందం ఊరు వెంట ఊరు తిరుగుతూ, ఆయా మైదానాల నుంచే ఆ పది నిమిషాలనూ వినిపిస్తుంది. యుద్ధకాలంలో సైన్యానికి పనికివచ్చే వయసువారు నిలబడిన వరుసలో ఇప్పుడు ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసినవారు కనిపిస్తారు. వారిని దృష్టిలో ఉంచుకుని 1999లో ‘అందరి వ్యాయామం’ అనే మరో కూర్పు చేశారు. దాన్ని నిలబడలేనివారు కూర్చునే చేయవచ్చు. టెలివిజన్‌లో వ్యాయామం చేసి చూపించే వరుసలో ఒకరికి కుర్చీ వేస్తారు. మిగిలినవారు నిలబడి చేతులు చాపుతుంటే, ఆ కుర్చీలోని మనిషి కూడా అదే బాణీకి, అదే క్షణంలో, తన చేతులను చాపుతుంది.